నోరు దాటిన మాట

ప్రతి సోమవారం పదింటికల్లా జగ్గమ్మ వస్తుంది. ఎస్.కోట అవతలి పల్లెలో బస్సెక్కి, విజయనగరంలో దిగి, కోట వెనక వీధిలో ఉన్న లాయరు మోహనకృష్ణ ఆఫీసు దాకా నడిచే వస్తుంది. పక్కన కోడలు ఈశ్వరి. ఈశ్వరి ఎడమ మణికట్టు ఎప్పుడో మొగుడి దెబ్బకు విరిగి వంకరగా అతుక్కుంది. అత్తాకోడళ్లిద్దరూ వరండా బల్ల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు.

మోహనకృష్ణ కోర్టుకు బయల్దేరగానే ముసలమ్మ లేచి నిలబడుతుంది.

"ఏటైనా తెలిసినాదా బాబూ?"

"కొత్తగా ఏమీ లేదమ్మా. వెళ్లి రండి."

ఆ మాట వినగానే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోతుంది.

ఆమె కొడుకు, ఈశ్వరి మొగుడు చినబాబు కనబడక ఏడు నెలలైంది. మద్రాసు పనికి పోయాడన్నారు. ఫోను పలకదు. పోలీసులు రెండుసార్లు ఇంటికొచ్చి వివరాలు రాసుకుని వెళ్లారు. స్టేషన్ చుట్టూ తిరగలేక లాయరుని పట్టుకుందని గుమస్తా ఒకసారి అనూరాధతో అన్నాడు. అనూరాధ ఆ ఆఫీసులో జూనియర్‌గా చేరి మూడు నెలలైంది. ముసలమ్మ చూపు పడితే ఆమె తల దించుకునేది.

ఒకరోజు పాత దస్తావేజు కోసం బీరువా తెరిచింది. అడుగు అరలో పేరు రాయని కవరు కనిపించింది. లోపల ఒకటే కాగితం, సార్ దస్తూరీ.

'చినబాబు. జీడితోటలో పూడ్చిన నుయ్యి. ఉత్తరం పక్క. క్లయింటు స్వయంగా చెప్పినది.'

అనూరాధ ఆ కాగితంతోనే సార్ గదిలోకి వెళ్లింది.

"ఎవరు సార్ ఈ క్లయింటు?"

మోహనకృష్ణ కాగితం తీసుకుని మడత పెట్టాడు. "ఈ కవరు తియ్యమని నేను చెప్పానా?"

"ఆ ముసలావిడ వారం వారం వచ్చి అడుగుతుంటే, అన్నీ తెలిసి ఏమీ లేదంటున్నారా?"

"ఈ గదిలో చెప్పిన మాట చెప్పినవాళ్ల సొత్తు అనూరాధా. వాళ్లు సరేనంటే తప్ప నేను నోరు విప్పకూడదు. వాళ్లు పోయాక కూడా అంతే. నా దగ్గర పనిచేస్తున్నావు కాబట్టి నువ్వూ అంతే."

"చంపినవాళ్లకి కూడా ఆ హక్కుందా?"

"ఉంది. లేకపోతే లాయరుకి నిజం ఎవరు చెప్తారు?"

ఆయన కళ్ల కింద నల్లటి వలయాలు ఆమె అప్పుడే గమనించింది.

ఆ నుయ్యి అనూరాధను వదల్లేదు. స్నానానికి చెంబు ముంచితే నీళ్లలోంచి మట్టి వాసన. ఆటోలో కూర్చుంటే, తడిసిన మనిషెవరో పక్కన ఒదిగి కూర్చున్నట్టు భుజం చల్లబడేది. కంచం ముందు కూర్చున్నా, ఉత్తరం పక్క, ఉత్తరం పక్క అని చెవిలో ఒకటే గొణుగుడు. అమ్మ అడిగితే జ్వరం అంది.

తర్వాతి సోమవారం జగ్గమ్మ వచ్చింది. అదే ప్రశ్న, అదే జవాబు. మెట్లు దిగిపోతున్న ఆ వంగిన వీపును చూస్తూ అనూరాధ ఇక నిలబడలేకపోయింది. చెప్పులేసుకుని వెనకే నడిచింది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఈశ్వరి మంచినీళ్లకని వెళ్లింది. సిమెంటు బల్ల మీద ముసలమ్మ ఒక్కతే ఉంది. అనూరాధ వెళ్లి పక్కన కూర్చుంది.

"మామ్మా, నేను లాయరు గారి జూనియర్ని."

"ఎరుగుదును తల్లీ. ఎప్పుడు సూసినా కష్టపడి రాస్తుంటావు."

"నీకొక మాట చెప్పాలి. ఇది బయటపడితే నా నల్లకోటు పోతుంది. అయినా చెప్పకుండా ఉండలేను." అనూరాధ ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "మీ చినబాబు ఇంక రాడు మామ్మా."

జగ్గమ్మ రెండో చేత్తో చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జీడితోటలో పూడ్చేసిన నుయ్యి ఉందట కదా. ఉత్తరం పక్క తవ్వించు. ఎవరు చేశారో నాకు తెలీదు. పద, స్టేషన్‌కి నేనూ వస్తాను."

చెప్పేసరికి అనూరాధకే ఏడుపొచ్చింది. ఎస్.కోట బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. జగ్గమ్మ లేవలేదు. చెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది. దూరంగా సీసాతో వస్తున్న కోడలి వైపు ఒకసారి చూసి, మళ్లీ అనూరాధ మొహంలోకి చూసింది.

"లాయరు బాబుని నమ్మి, ఆయనొక్కడికే నాను సెప్పుకున్న మాట నీ నోట్లోకెలాగ వచ్చినాదమ్మా?"