ఉత్తరాన పారే నీళ్లు

వంటింట్లో తాగే నీళ్ల బిందె వంచి చూసి వనజాక్షి అదిరిపడింది. అడుగున కాస్త తడి తప్ప ఏమీ లేదు. వీధి కొళాయికి నీళ్లొచ్చి వారం దాటింది. ట్యాంకరు దగ్గర మోచేతులతో పొడిపించుకుని మరీ పట్టుకొచ్చిన బిందె అది.

"ఏమయ్యా, బిందెలో నీళ్లు ఏమైనాయి?"

ముందు గదిలోంచి గలగలమని నీళ్ల చప్పుడు వచ్చింది.

వెళ్లి చూస్తే, భర్త వెంకటేశులు కొత్త ఫౌంటెన్ ముందు మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ రాళ్ల మీదుగా నీళ్లు జారి తొట్టిలో పడుతున్నాయి, బుల్లి మోటారు వాటిని మళ్లీ పైకెక్కిస్తోంది. రాళ్ల మధ్య నీలం దీపం ఒకటి వెలుగుతోంది.

"తాగే నీళ్లు దీంట్లో పోసినావా?"

"మరేం పొయ్యమంటావ్? బోరు నీళ్లు పోస్తే ఉప్పు పట్టి మోటారు చెడిపోతుందంట. ఉత్తరాన నీళ్లు పారితే ఇంట్లోకి లక్ష్మి పారుతుంది వనజా. చైనావాళ్లు ఊరికే అంత బాగుపడినారా?"

వనజాక్షికి ఒళ్లు మండిపోయింది. గోరంట్లలో వాళ్ల విత్తనాల అంగడికి వానలు మొహం చాటేసినప్పటి నుంచి ఈగలే బేరగాళ్లు. పని లేని మనిషికి ఫోన్‌లో ఫెంగ్‌షుయ్ అనే చైనా వాస్తు వీడియోలు దొరికాయి. ముందు బొజ్జ బుద్ధుడొచ్చాడు. తర్వాత నోట్లో కాసు కరుచుకున్న మూడు కాళ్ల కప్ప వచ్చింది. కిటికీకి గంటలు వేలాడదీస్తే, గాలి వీచిన ప్రతిసారీ పాలబండి వచ్చిందనుకుని ఆమె గిన్నె పట్టుకుని బయటికి పరుగెత్తింది. అవన్నీ భరించింది. ఎందుకంటే అవేవీ నీళ్లు తాగవు.

"మన నాలుగు కాళ్ల కప్పలకు పెండ్లి చేసినా వాన పడలేదు. నీ కుంటి కప్ప తెస్తుందా? మీ యమ్మ మాత్ర మింగల్ల. గ్లాసు నీళ్లు యాడ నుంచి తేవాల?"

"అరవొద్దే. అరిస్తే మంచి గాలి బయటికి పోతుంది."

"పోనీ! ఆ గాలితో పాటు నువ్వూ పో!"

సరిగ్గా అప్పుడే ఎదురింటి చౌడేశ్వరి ఖాళీ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. "వనజక్కా, నీళ్ల ఇంజనీరు సారు వచ్చినాడు, జీపు వీధి మొగదల ఉండాది. అందరం పోయి అడుగుదాం రా..." అంటూనే ఆగిపోయింది. చెవి రిక్కించింది. లోపలికి తొంగి చూసింది.

"అక్కా! మీ ఇంట్లో నీళ్లు వస్తాండాయా?"

"లేదు చౌడేశ్వరీ, ఇది..."

"లేదంటావేంది? కండ్ల ముందర పారతాంటే! మా బిడ్డలు నాలిక తడుపుకునేదానికి లేక సస్తాంటే, మీరు దొంగ మోటారు పెట్టి లాక్కొని ఆటలాడుతుండారా?"

ఆ మాట గాలి కంటే వేగంగా పాకింది. చూస్తుండగానే వాకిట్లో బిందెలు, వాటి వెనక ఆడవాళ్లు. నిన్నటిదాకా చక్కెర బదులిచ్చి పుచ్చుకున్న మొహాలే. ఒక్కటీ నవ్వడం లేదు. వనజాక్షికి తల కొట్టేసినట్టయింది. "అవే నీళ్లు తిరుగుతాయమ్మా, కొత్తవి రావు" అని వెంకటేశులు గొణిగాడు గానీ, వినేవాళ్లు లేరు.

"ఇంజనీరు సారునే పిలుచుకొస్తా. ఆయప్పే తేలుస్తాడు" అంటూ చౌడేశ్వరి కదిలింది.

"పిలుచుకొని రా. నేనే చెప్తా" అంది వనజాక్షి. పరువు ఎటూ పోయింది, కనీసం ఈ పీడైనా వదలనీ అనుకుంది. తను చెప్తే వినని మనిషి, ఆఫీసరు నాలుగు చీవాట్లు పెడితే వినకపోతాడా?

ఇంజనీరు వచ్చాడు. నెరిసిన మీసం, చేతిలో ఫైలు, చెమటకు తడిసిన చొక్కా. ఆడవాళ్లు దారి ఇచ్చారు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. ఫౌంటెన్ చూడగానే నొసలు ముడిచాడు.

"ఎవరు పెట్టినారు దీన్ని?"

"నేనే సార్" అన్నాడు వెంకటేశులు.

"తాగే నీళ్లు పోస్తుండాడు సార్!" వనజాక్షి ముందుకొచ్చింది. ఇన్నాళ్ల ఉక్రోషమూ ఆమె గొంతులోకి వచ్చింది. "నేను చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. ఇంటిల్లిపాదికీ నీళ్లు లేకుండా చేసినాడు. వీధంతా మమ్మల్ని దొంగల మాదిరి చూస్తాంది. మీరైనా గడ్డి పెట్టండి సార్ ఈ మనిషికి!"

ఆయన ఫౌంటెన్ చుట్టూ తిరిగాడు. వంగి, నీళ్లు ఎటు జారుతున్నాయో చూశాడు. తలెత్తి వీధి వాకిలి వైపు చూశాడు. పెదవి విరిచాడు. వెంకటేశులు తల భుజాల్లోకి దించుకున్నాడు. హమ్మయ్య, ఇన్నాళ్లకు తెలివైన మనిషి ఒకడు ఈ గడప తొక్కాడనుకుంది వనజాక్షి.

ఇంజనీరు జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద దిక్సూచి తెరిచి, అరచేతిలో పెట్టుకుని, ఉన్నచోటే మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. తర్వాత వెంకటేశులు వైపు తిరిగి ఉగ్రంగా అన్నాడు:

"ఏమప్పా, బుద్ధుందా నీకు? ఇంట్లోకి పారాల్సిన నీళ్లు వాకిలి దిక్కుకు పారేటట్ల పెట్టుకుంటే, ఇంక ఈ వీధికి నేను నీళ్లెట్ల తెప్పించేది?"