సైదాబాద్ ఇంటికి అవతలి పార్టీ

"ఇంకో మూడొందలు పెంచిండ్రు సార్ అవతలోళ్లు!"

దలాల్ బుచ్చయ్య ఆ మాట అని, చాయ్ సాసర్ల పోసుకొని నిమ్మళంగ ఊదుకుంట కూసున్నడు. రఘునాథ్‌కు మాత్రం అఫ్జల్‌గంజ్ ఇరానీ హోటల్ గిర్రున తిరిగింది.

"నిన్ననే కద భాయ్, నాలుగు వేలకు మాట అయింది!"

"మాట అయింది. బయానా పడ్డదా? అడ్వాన్సు చేతిల పడలె. బయానా పడనిది బేరమే కాదు సార్. రమాబాయి ఇల్లు అమ్ముకుంటుంది, దానం చేస్తలేదు. ఎక్కువొస్తె వద్దంటదా?"

"ఎవరు వాళ్లు? ఒక్కసారి కలిపియ్యి. బతిమాలుకుంట, కాళ్లు పట్టుకుంట!"

బుచ్చయ్య నవ్విండు. "మంచిగ చెప్పిండ్రు! అవతల దలాల్ నాకు పేరు చెప్తడా? నేను మీ పేరు ఆయనకు చెప్పిన్నా? పార్టీలు పార్టీలు కలిస్తె ఇంక మా దలాలీ ఏమైతది? అది మా దంధల లేదు. ఇగో, ఇంట్ల సుత చెప్పలె కద? బయానా పడేదాంక చెప్పకుండ్రి. నజర్ తగుల్తది."

"చెప్పలె" అన్నడు రఘునాథ్. పెండ్లాం అహల్యకు ఒకటేసారి తాళంచెవి చేతిల పెడ్దామని ఆయన ఆశ.

ఇల్లు పెద్దదేం కాదు. రెండర్రలు, ఇంత వాకిలి. కని ఇంట్లనే నల్లా ఉన్నది! శాలిబండల వీళ్లుండే కిరాయింటికి నల్లా లేదు. రోజూ పొద్దుగాల గల్లీ నల్లా కాడ లొల్లి చేసి, అహల్య రెండు బిందెలు మోసుకస్తది. ఇప్పుడా ఇల్లు సుత ఖాళీ చెయ్యాలె. కొడుకు లగ్గం పెట్టుకున్న, నెలాఖరుకు సామాను తీయుండ్రి అని ఇంటాయన కచ్చితంగ చెప్పేసిండు.

ఉరుకుడే ఉరుకుడు, ఆఫీసుల అప్పులిచ్చే సొసైటీ చూసే ఆనందరావు కాడికి.

"సొసైటీ మూడు వేలకు మించి ఒక్క పైస ఇయ్యది" అన్నడు ఆనందరావు. "వడ్డీ తక్కువ, జీతంల కట్ అయితది, నీకు తెల్వకుండనే తీరిపోతది. నీ చేతిల ఎంతున్నది?"

"పదమూడొందలు. వెయ్యి ఇంటికే పోతది. మిగిలింది స్టాంపులకు, రిజిస్ట్రేషన్‌కు, బుచ్చయ్యకు. ఇప్పుడీ పెంచినయి ఏడికెళ్లి తేవాలె అన్నా? సాహుకారును అడుగనా?"

ఆనందరావు కళ్లద్దాలు తీసిండు. "సాహుకారు పైసలతోని నువ్వు ఇల్లు కొంటలేవు రఘునాథ్. ఆయనకు కొనిపెడ్తున్నవ్."

రఘునాథ్ సాహుకారు కాడికి పోలె. సైకిల్ అమ్మిండు. పెండ్లినాటి గడియారం కుదువ పెట్టిండు. మూడొందల మీద ఇంకో యాభై పెంచిండు. హమ్మయ్య అనుకున్నడు.

తెల్లారి అహల్య అన్నం పెట్టుకుంట, "రెండు దినాలు మా అన్న ఇంటికి పోయొస్త" అన్నది. సైకిల్ ఏదని సుత అడుగలె. "పోయిరా, పోయిరా!" అన్నడు రఘునాథ్. ఎక్కడ అడుగుతదో అని ఆయన భయం ఆయనది మరి.

ఆ సాయంత్రమే బుచ్చయ్య ఆఫీసు గేటు కాడికి ఉరికొచ్చిండు. "సార్, వాళ్లు అయిదు వేలన్నరు!"

"వాళ్లకేం పిచ్చి లేసిందా? గా రెండర్రలకా?"

"వాళ్లు సుత మీ గురించి గదే అంటున్నరట! రేపు పొద్దు గూకేలోపట ఎక్కువ పెట్టి బయానా ఎవరిస్తె ఇల్లు వాళ్లదని రమాబాయి ఒట్టేసింది. వదిలేస్తరా చెప్పుండ్రి, నేను వేరేది చూస్త."

రఘునాథ్ వదులలె. కాళ్లే ఆయన్ను సాహుకారు రామ్‌చందర్ గద్దె ముంగటికి గుంజుకపోయినయి.

"బైఠో బాబూ. మొత్తం నేనే ఇస్త. సొసైటీ గిసైటీ వద్దు. ఒక్క ఇంటి మీద ఇద్దరు అప్పులోళ్లు కూసుంటె ఎట్ల?" అన్నడు రామ్‌చందర్, తమలపాకుకు సున్నం రాసుకుంట. "ఇల్లు నాకు రెహన్, అప్పు తీరేదాంక తాకట్టు. నూటికి నెలకు రూపాయిన్నర. ఆర్నెల్ల వడ్డీ ఇప్పుడే పట్టుకుంట. మూడు కిస్తులు తప్పినయా, ఇల్లు నాది. కుషీ ఉంటేనే ఈ కాయితం కింద దస్తకత్ చెయ్యి, జబర్దస్తీ ఏం లేదు."

జీతంల సగం వడ్డీకే పోతది! కని నెత్తి మీద బిందెతోని అహల్య కండ్ల ముంగట మెదిలింది. రఘునాథ్ కండ్లు మూసుకొని దస్తకత్ పెట్టిండు.

తెల్లారి అయిదు వేల అయిదొందలకు బేరం తెగింది. బయానా పడ్డది.

"చేతులెత్తేసిండ్రు సార్ అవతలోళ్లు!" బుచ్చయ్య పొట్ట పట్టుకొని నవ్విండు. "ఆ దలాల్ మొఖం చూడాలె! ఆముదం తాగినట్టు ఉండె!"

రఘునాథ్ పావుసేరు జిలేబి కొన్నడు. తొవ్వ పొడుగు కిస్తులు లెక్కపెట్టుకుంట నడిచిండు. కుషీనా, భయమా, ఆయనకే సమజైతలేదు. ఎట్లనన్న కడ్త, ఒక పూట తిని కడ్త, అనుకుంట ఇల్లు చేరిండు.

అహల్య వచ్చి ఉన్నది. కని పొయ్యి అంటుకోలె. గోడకు ఒరిగి, కొంగు నోట్ల కుక్కుకొని ఎక్కెక్కి ఏడుస్తుంది.

"ఏమైంది? మీ అన్న ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?"

తల అడ్డంగ ఊపింది. "మీకు చెప్పకుండ ఒక పని చేసిన. తిట్టనంటె చెప్త."

"తిట్టనులే. చెప్పు." జిలేబి పొట్లం వీపు ఎనుక దాచుకొని, లోపల్లోపల నవ్వుకుంట అడిగిండు. ఇంక చిటికెల ఈమె ఏడుపంత మాయమైతది కద!

అహల్య ముక్కు తుడుచుకున్నది. "మా అన్న బాలకిషన్ వడ్డీ లేకుండ పైసలిస్తనంటె, ఆయన పేరు మీద సైదాబాద్‌ల రమాబాయి ఇల్లు మనకోసమే బేరం పెట్టినమండి. మేం పెంచినకొద్ది ఎవడో కడుపుమండినోడు మీదికెళ్లి పెంచుకుంట పోయి, ఇయ్యాల గుంజుకున్నడు!"