మొదటి కానుపు

“బిడ్డ ఏదమ్మా?” ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరవగానే అడిగింది నాగదేవి.

కాంతం కూతురి చెయ్యి పట్టుకుంది. “దక్కలేదు తల్లీ. పదహారేళ్లకే కానుపేంటని డాక్టరమ్మగారు కోప్పడ్డారు.”

నాగదేవి పైకప్పుకేసి చూసింది.

“అయితే నేను మళ్లీ కాట్రేనికోన బడికెళ్లొచ్చా అమ్మా?”

పదో తరగతి మధ్యలో మాన్పించి పెళ్లి చేసిన పిల్ల. తానేమందో అప్పుడు తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నేను చెడ్డదాన్నా అమ్మా?” అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

పక్కనే ఉన్న అత్తగారు వీరలక్ష్మి కళ్లొత్తుకుంది. “ఊరుకోవే. మొదటి కానుపు పోవడం మనకి మామూలే. నాకూ పోయింది, మీ అమ్మకీ పోయింది. వచ్చే ఏడు ఎత్తుకుందువుగాని.”

‘ఆయ్, అవునండీ’ అనబోయి కాంతం ఆగిపోయింది. తన మొదటి బిడ్డ పోయినప్పుడు తల్లి కూడా ఇదే మాట చెప్పింది. తన రాత ఇంతే అనుకుని ఇన్నేళ్లూ ఊరుకుంది. అప్పుడు తనకి ఎన్నేళ్లో ఇవాళే మొదటిసారి తలుచుకుంది. పదిహేను.

“మామూలు కాదండీ వదినగారూ,” అంది. “అప్పుడు మనం చిన్నపిల్లలమండీ.”

కాంతం కూతురి తల గుండెకి హత్తుకుంది. “నువ్వు చెడ్డదానివి కాదు తల్లీ. బడికి నేనే తీసుకెళ్తాను.”

వీరలక్ష్మి వద్దనలేదు. కోడలి కాళ్ల దగ్గర మెల్లగా కూలబడింది.

“పోయిన మా మొదటివాడు పుట్టగానే ఏడ్చేడండీ,” అంది చివరికి. “ఒక్కసారే ఏడ్చేడు.”