వీపున జడ

“మళ్ళీ విప్పుతుండావేంది అత్తా?” కొండమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

కోడలు పొద్దంతా కూర్చుని వేసిన కుట్లన్నీ సుబ్బులమ్మ పీకేసి, స్వెట్టరును మళ్ళీ ముక్కలు చేసింది. ముందు ముక్క, వెనక ముక్క, రెండు చేతులు చాప మీద పడ్డాయి. పటాలం నుంచి కొడుకు మాల్యాద్రి శుక్రవారం రైల్లో దిగుతున్నాడు. నల్లమల చలిగాలి అప్పుడే గిద్దలూరు మీదికి తిరిగింది.

“ఈ జడ ముక్క వీపుకు పోవాల,” అంది సుబ్బులమ్మ.

తాడులా మెలిదిరిగి ఉబ్బెత్తుగా కనిపించే ఆ అల్లికను ఊళ్ళో ఆడవాళ్ళు జడ అనేవాళ్ళు. మిషన్ బడి టీచరమ్మ నేర్పింది. మూడు కుట్లను ఏదుపంది ముల్లు మీద పక్కన ఆపి, తర్వాతి మూడూ ముందు అల్లితే మెలిక పడుతుంది. మొగుడి కోసమని కొండమ్మ ఆ జడ మీదే ప్రాణం పెట్టింది.

“టీచరమ్మ రొమ్ము మీదికి రావాలన్నది గదా! మెడ వంపు గూడా దానికే దించినాము.”

“ఆ మెడ నేను విప్పి అల్లుకుంటాలే. జడ యాడుంటాది? వీపునే గదా.”

“అది ఆడోళ్ళకు! మగోడికి వీపున జడేంది? స్టేషన్లో నవ్వరా?”

“నవ్వనీ.”

కొండమ్మకు ఏమీ పాలుపోలేదు. మాల్యాద్రి పటాలంలోనే ఉండే యేసుబాబు సెలవులో వచ్చి, కళ్ళం దగ్గర అత్తతో మాట్లాడి పోయినప్పటి నుంచి ఈమె వరస ఇంతే. “మాల్యాద్రిని ఇంటికి పంపిస్తుండారంట, ఇంక పటాలానికి పోడు” అని మాత్రం కోడలికి చెప్పింది. కొండమ్మ ఎగిరి గంతేసింది. అత్త మాత్రం పొయ్యి దగ్గరికి పోయి, చాలాసేపు పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. కొడుకు వస్తుంటే అదేం సంతోషమో!

అంతకుముందే ఊలు చాలక ఒక చెయ్యి బూడిద రంగు, ఒక చెయ్యి ఆకుపచ్చ అయ్యాయి.

“టీచరమ్మనడిగి అదే రంగు తెస్తా అత్తా.”

“రంగుదేముందిలేవే.”

రంగు పట్టని మనిషి చంకల దగ్గర వంపును, మెడ చుట్టూ అంచును మాత్రం కళ్ళు మూసుకుని మరీ పదేపదే తడిమింది. జడ మీద వేళ్ళు పైనుంచి కిందికి పోనిచ్చి “ఊఁ, తెలుస్తుండాది” అని గొణిగింది. అత్తకు చూపు తగ్గిందా, మతి తప్పిందా? ఎవరినడగాలో కొండమ్మకు తెలియలేదు. ఇన్నాళ్ళకు వచ్చే మొగుడు నలుగురిలో నవ్వులపాలు కాకూడదని మాత్రం మొక్కుకుంది.

శుక్రవారం పొద్దున్నే స్టేషన్లో రైలాగింది. యేసుబాబు ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో మాల్యాద్రి భుజం పట్టుకుని దిగాడు. సుబ్బులమ్మ “నాయనా!” అంటూ పోయి, పలకరింపులైనా కాకముందే కొడుకు చేతుల్లో స్వెట్టరు పెట్టింది.

మాల్యాద్రి దాన్ని వేళ్ళతో తడిమాడు. జడ తగలగానే చిన్నగా నవ్వి, ఎవరూ చెప్పకుండానే దాన్ని వీపుకు తిప్పి తొడుక్కున్నాడు. తల్లీకొడుకులది ఒకటే తిక్క అనుకుంది కొండమ్మ.

అత్త ముందు, అంతమంది మగవాళ్ళలో మొగుడిని పలకరించడానికి సిగ్గేసింది. పైట సర్దుకుని, అతనికి ఎదురుగా వచ్చి నిలబడి, కళ్ళనిండా నవ్వింది.

“కొండమ్మ రాలేదా అమ్మా?” అన్నాడు మాల్యాద్రి.