కుర్చీ తిరగకముందే

గళ్లచొక్కా మనిషి తిరుగుడు కుర్చీలో కూర్చున్నాడో లేదో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆగమ్మా. కడుపులో తిప్పేస్తోంది."

"నేనింకా కుర్చీ తిప్పనేలేదండీ," అంది కెమిస్టు.

"అదే నేనూ చెప్తున్నాను."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. మీట నొక్కింది. కుర్చీ గిర్రున తిరిగింది. ఆపీ ఆపగానే ఆయన బకెట్ కోసం పరుగెత్తాడు.

బెంచీ మీద వరసగా కూర్చున్న ప్యాకింగ్ వాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

అది ఆమె నాన్న పెట్టిన చిన్న మాత్రల ఫ్యాక్టరీ. చేసేది ఒక్కటే సరుకు, విటమిన్ సి. పెద్ద కంపెనీల దెబ్బకి అది అటకెక్కి కూర్చుంది. చదువు పూర్తి చేసుకొచ్చిన కూతురికి ఒక ఆలోచన తట్టింది. నోట్లో పుల్లగా ఏదన్నా పడితే వికారం తగ్గుతుంది కదా, మరి విటమిన్ సి బాగా దట్టించి నమిలే మాత్ర చేస్తే ప్రయాణాల్లో వాంతులు ఆగవా?

లాంచీల యజమాని ఒకాయన ముందుకొచ్చాడు. బాగా పనిచేస్తే తన లాంచీలెక్కే వాళ్లందరికీ కొంటానన్నాడు. ఆయన వద్దంటే ఫ్యాక్టరీ మూతే. ఆ మాట నాన్న పైకి అనలేదు గానీ, బజారుకెళ్లి గేటుకి కొత్త తాళం కొనుక్కొచ్చాడు.

అందుకే ఈ పరీక్ష. పరగడుపున రావాలి, మాత్ర నమిలి అరగంట బెంచీ మీద కూర్చోవాలి, ఆ తర్వాత కుర్చీ. పరగడుపు ఎందుకంటే, ఎవరైనా కక్కితే నేల పాడవుతుందని.

"హాయిగా ఉంది పాపా. నిద్ర కూడా పట్టేలా ఉంది," అంది ప్యాకింగ్ అత్త.

మిగతా వాళ్లూ అదే పాట. గేటు మీది నోటీసు చూసి వచ్చిన బయటి మనిషి ఈ గళ్లచొక్కా ఒక్కడే. నోరు కడుక్కుని మళ్లీ ఆమె దగ్గరికొచ్చాడు.

"ఏమన్నా తిని వేసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామా? రేపు మళ్లీ వస్తాను."

"తిని వచ్చి కక్కితే ఎవరు కడుగుతారండీ?"

"నేనే కడుగుతా. నాకు అలవాటే. నేను చేసే పని..."

"మీ పనితో నాకేం పని? మీ కడుపే నాజూకు. ఇలాంటి పరీక్షలకి పనికిరాదు."

"నాజూకా!" ఆయన పడీపడీ నవ్వాడు. "ఈ మాట మా ఆవిడతో చెప్పాల్సిందే. సరేనమ్మా, నన్ను వదిలెయ్యి. ఇంకో నలుగురు బయటివాళ్లని పిలిచి చూడు. తొందరపడకు."

అడగని సలహా అంటే ఆమెకి ఒళ్లుమంట. గేటు దాకా వెళ్లి మరీ సాగనంపింది.

"అందరికీ బాగుందా అమ్మడూ?" అన్నాడు నాన్న.

"అందరికీ, నాన్నా."

"మరి ఆ నవ్వుకుంటూ పోయినాయన?"

"ఆయన లెక్కలోకి రాడు."

లాంచీల యజమాని ఎదుట మాత్ర పనితనం చూపించే రోజు వచ్చింది. లాంచీ రేవులో ఆ ఉదయం పెళ్లి సందడిలా ఉంది. యజమాని తన టికెట్ ఏజెంట్లని వెంటేసుకొచ్చాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్యాకింగ్ వాళ్లూ వచ్చారు. ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఆమె అలాగే చెప్పింది మరి. అందరూ లాంచీ ఎక్కి మాత్రలు నమిలారు. పరీక్ష చేసేవాళ్లు తినకూడదని ఇన్నాళ్లూ దూరంగా ఉన్న ఆమె కూడా ఆ రోజు ఒకటి నోట్లో వేసుకుంది.

కాసేపటికి కడుపులో ఏదో మెలిపెట్టింది. భయం వల్లేమో అనుకుంది.

ఇంతలో ఏజెంటు ఒకడు లేచి అంచు దగ్గరికి పరుగెత్తాడు. అతని వెనకే ఇంకొకడు. నాన్న కడ్డీ పట్టుకుని వంగిపోయాడు.

లాంచీకి కట్టిన తాడు ఇంకా విప్పనేలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

ప్యాకింగ్ అత్త నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మూల కూర్చుంది.

"అత్తా, నీకూనా?"

"నాకు ఆ రోజూ ఇంతే పాపా."

"మరి హాయిగా ఉందన్నావు!"

"ఫ్యాక్టరీ మూసేస్తే మేమెక్కడికి పోతాం? నువ్వేమో అంత ఆశగా మా మొహాలు చూస్తుంటివి. అందరం దిగమింగుకున్నాం."

కెమిస్టుకి ఏడుపొచ్చింది. ఏడిస్తే కక్కేలా ఉంది.

యజమాని మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "కడుపులో తిప్పకుండా మాత్ర అడిగితే, తిప్పే మాత్ర తెచ్చారు. బేరం లేదమ్మా."

"పరగడుపున వేసుకోబట్టి అండీ. ఏమన్నా తిని వేసుకుని ఉంటే..."

"అది ముందే చూసుకోవద్దూ?"

ఆమెకి నాన్న వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"పైకెళ్లి మా సరంగుతో చెప్పండి, ఇవాళ లాంచీ నడపక్కర్లేదని," అన్నాడు యజమాని. "పైన ఉన్నాడు గనక బతికిపోయాడు. అయినా ఎంత గాలివానలోనూ కడుపు కదలని మనిషి. అలాంటివాడి చేత మాత్ర నమిలించి చూసినా మీకు అసలు సంగతి తెలిసేది."

ఆమె నిచ్చెనెక్కి పైగది తలుపు తోసేసరికి, చుక్కాని చక్రం పక్కన నిలబడి తీరిగ్గా టిఫిను తింటున్న సరంగు వెనక్కి తిరిగాడు. ఒంటిమీద తెల్ల యూనిఫాం ఉంది గానీ, మనిషి ఆ గళ్లచొక్కా ఆయనే.