పట్టీ కట్టని బీపీ

“నేను బాగా నిద్రపోతాండానని నీకెవరు సెప్పినారన్నా?” నర్సు ముస్రత్ సర్వే కాగితాన్ని దేవేంద్ర ముఖం మీద విసిరినంత పని చేసింది.

ఆరోగ్య సిబ్బంది బాగోగులు కనుక్కోవడానికి వచ్చిన ఆ ఉద్యోగి, ఎవరినీ ఒక్క మాట అడక్కుండానే గళ్లన్నీ నింపేశాడు. పని ఒత్తిడి లేదు. విశ్రాంతి చాలినంత ఉంది.

“కోప్పడొద్దు మేడమ్. ఇంకా పదకొండు ఆస్పత్రులు తిరగల్ల. ఎప్పుడూ రాసేదే గదా అని రాసేసినా.”

“ఇద్దరి పని నేనొక్కదాన్నే చేస్తాండా. అన్నం గూడా నిలబడే తింటాండా. నువ్విట్ల రాస్తే పైవాళ్లకు ఎట్ల తెలుస్తాది? ఇంకో నర్సును ఎట్ల పంపిస్తారు? మనిషి ఈడే ఉంటే అడిగేకి నోరు రాలేదా?”

అరుస్తూనే వరుసలో ముందున్న గర్భిణి ఉరుకుందమ్మ కార్డు లాక్కుని, అలవాటు కొద్దీ బీపీ రాసేసింది. నూట ఇరవై బై ఎనభై.

ఉరుకుందమ్మ కార్డు అందుకోలేదు.

“పోయిన నెల గూడా పట్టీ కట్టకుండానే రాస్తివి మేడమ్,” అంది మెల్లగా. “పొద్దున్నుంచి తల పగిలిపోతాంది. నన్నూ అడగల్ల గదా.”

ముస్రత్ సొరుగులోంచి పట్టీ తీసి ఆమె చేతికి చుట్టింది.

నూట డెబ్బై బై నూట పది.

“చూస్తావేందన్నా, ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యి! ఆదోని పెద్దాస్పత్రికి తీస్కపోవల్ల!”

దేవేంద్ర బయటికి పరిగెత్తాడు. ముస్రత్ కార్డులో ఈ నెల అంకె కొట్టేసింది. పెన్ను ఇంకా గట్టిగా అదిమి, పోయిన నెలది కూడా కొట్టేసింది.