మేకల కాపరి అడిగిన ప్రశ్న

గ్రీకుల డెల్ఫీ గుడిలో చలికాలం తప్ప ప్రతి నెలా ఏడో రోజున దేవుడు పలుకుతాడు. తెర వెనక మూడుకాళ్ళ పీట మీద కూర్చున్న ముసలి పూజారిణి నోట ఆ పలుకు వస్తుంది. రాజులు యుద్ధాల గురించి అడుగుతారు. మేకల కాపరి థ్రాసోన్ జున్ను గురించి అడుగుతాడు.

పోయిన నెల, "జున్ను చేదెక్కుతోంది స్వామీ" అన్నాడు.

"పాలు మరీ కాచేస్తున్నావు" అన్నాడు దేవుడు.

ఈసారి గుమ్మంలోనే పూజారి అడ్డుపడ్డాడు. "పెద్దాయనా, నీ వెనక రాజదూతలు నిలబడ్డారు. జున్ను సంగతి ఇరుగుపొరుగు ఆడవాళ్ళని అడగరాదూ?"

"వాళ్ళకేం తెలుసు బాబూ."

"సరే, దేవుణ్ణి అడగదగ్గ ప్రశ్న ఒక్కటి అడుగు. ఇదే ఆఖరు. మళ్ళీ వస్తే లోపలికి రానివ్వను."

థ్రాసోన్ తెర ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. "స్వామీ, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి పోనా?"

తెర వెనక నుంచి పలుకు వచ్చింది.

"దేవుడింకా ఆలోచిస్తున్నాడు. ప్రతి నెలా వచ్చి అడుగుతూ ఉండు. వచ్చేటప్పుడు కంబళి కప్పుకో. తెల్లారుజామున నీకు దగ్గొస్తుంది."

దేవుడి ఆజ్ఞకు తిరుగులేదు. పూజారి దాన్ని పలక మీద రాసుకుంటూ మధ్యలో ఆగాడు.

"నీ దగ్గు సంగతి దేవుడికెందుకయ్యా?"

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాం బాబూ," అన్నాడు థ్రాసోన్. "తొమ్మిదేళ్ళ కిందట మీరే ఇంటికొచ్చి, దేవుడు కోరాడని మా ఆవిణ్ణి తీసుకెళ్ళారు. ఇక పెళ్ళాంతో మాట్లాడకూడదన్నారు. దేవుణ్ణి అడగొద్దనలేదు."